రెండు వందల వృద్ధాప్యం

పేద వృద్ధుల పింఛనులో కేంద్ర ప్రభుత్వం భరించే వాటా నెలకు 200 రూపాయలు. ఇది 2006లో ఖరారైన మొత్తం. ఆ తర్వాత ధరలు మూడింతలు దాటాయి, ఢిల్లీలో ప్రభుత్వాలు మారాయి, ఈ అంకె మాత్రం కదల్లేదు. ఎనభై దాటినవారికి 500 చేశారు, అంతే. పెంచమని గ్రామీణాభివృద్ధి వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం పదేపదే సిఫారసు చేసినా అతీగతీ లేదు. అదే పార్లమెంటులో మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000 రూపాయలకు పెరిగింది. ఉత్తర్వు వెలువడింది 2025 మార్చిలో, వర్తింపు 2023 ఏప్రిల్ నుంచి. అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి ఎంపీల జీతాలూ పింఛన్లూ వాటంతటవే పెరిగేలా 2018లోనే చట్టం సవరించుకున్నారు. ధరలు పెరిగితే పాత డబ్బుతో ఇల్లు గడవదన్న సంగతి ఏలినవారికి బాగానే తెలుసు.

పేదరికంలో ముసలితనం రావడం తలరాత అనుకోవడం మనకు అలవాటు. ఆ రాత రాసింది చాలావరకు ప్రభుత్వమే. కేంద్ర ఉద్యోగికి 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను పథకం అమల్లోకి వచ్చింది. దాన్ని ఎంచుకుని పాతికేళ్లు పనిచేసినవారికి చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం, పదేళ్లే పనిచేసినా కనీసం 10,000 రూపాయలు, దానిమీద కరువు భత్యం దక్కుతాయి. పాత పింఛనే కావాలని ఉద్యోగ సంఘాలు ఇంకా పోరాడుతున్నాయి, అది వారి హక్కు. ఫ్యాక్టరీలోనో ప్రైవేటు కంపెనీలోనో పనిచేసి పీఎఫ్ కట్టినవారి కనీస పింఛను 1,000 రూపాయలు. 2014 సెప్టెంబరులో పెట్టిన ఆ హద్దు కూడా అక్కడే ఆగిపోయింది. అసంఘటిత కార్మికుల కోసమంటూ 2015లో తెచ్చిన అటల్ పింఛనులో చేరాలంటే వయసు నలభై దాటకూడదు, నెలనెలా డబ్బు కట్టాలి. అంతా కడితే అరవయ్యో ఏట చేతికొచ్చేది వెయ్యి నుంచి అయిదు వేలు. అప్పటి ధరలతో ఆ మొత్తానికి సంబంధం ఉండదు. ఈ మెట్లన్నీ దాటి కిందికొస్తే ఆ 200 రూపాయలు కనబడతాయి.

ఆ అట్టడుగు మెట్టు మీద ఎవరున్నారో చూస్తే అసలు కథ అర్థమవుతుంది. 1952 నాటి చట్టంతో వచ్చిన భవిష్యనిధి ప్రధానంగా ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. నాట్లు వేసే కూలీ, నాలుగిళ్లలో అంట్లు తోమే పనిమనిషి, మేస్త్రి వెంట ఇసుక తట్టలు మోసే మనిషి అందులోకి రారు. పొలం కూలీల్లో దళితులు, ఆదివాసీలు, వెనుకబడిన కులాలవారే ఎక్కువ, వారిలో ఆడవాళ్లూ చాలామంది. చట్టంలో ఎక్కడా కులం పేరు రాయలేదు, ఆడా మగా తేడా ప్రస్తావించలేదు. ఆ అవసరమే రాలేదు. అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టం కూడా ఇలాంటిదే. పొలం కూలీలను, ఇంటిపనివారిని మినహాయిస్తున్నామని అందులో రాశారు తప్ప నల్లవాళ్లను అని రాయలేదు. ఆనాటి నల్లజాతి శ్రామికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది వృద్ధాప్య బీమాకు దూరమయ్యారు. వారిని లోపలికి తీసుకోవడానికి 1950ల సవరణల దాకా ఆగాల్సి వచ్చింది. ఉద్దేశం ఏదైనా, గీత ఎక్కడ గీస్తే ఎవరు అవతల పడతారన్నది గీసేవారికి తెలియని విషయం కాదు. మన దగ్గర ఆ గీత ఇప్పటికీ చెరగలేదు.

వయసు సంగతి మరీ విచిత్రం. చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యాభై ఏళ్లకే పింఛను వస్తుంది. మగ్గం గుంటలో, తాటిచెట్టు మీద ఒళ్లు ముందే అరిగిపోతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మంచిదే. మరి నలభై ఏళ్లు బురదలో నడుం వంచి నాట్లు వేసిన మనిషి నడుం సంగతేమిటి? ఆమెకు కులవృత్తి సంఘం లేదు, ఆ పేరుతో కార్పొరేషన్ లేదు, రాజధానిలో అడిగే నాయకుడు లేడు. కాబట్టి ఆమె వయసు ఆధార్ కార్డు లెక్కలోనే నడవాలి. ఆ కార్డులో పుట్టినతేదీ ఏదని అడిగితే చెప్పలేని ఆడవాళ్లకు నమోదు కేంద్రంలోని కుర్రాడు చూపుమేరకు వేసిన వయసే చట్టమై కూర్చుంది. అయిదారేళ్లు తక్కువ పడితే ఆమె పింఛను అయిదారేళ్లు వెనక్కి పోయినట్టే. దిద్దించుకుందామంటే బడి సర్టిఫికెట్టు తెమ్మంటారు. బడి మొహమే చూడనివ్వకపోతే సర్టిఫికెట్టు ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇక ఇంటికొక్క పింఛను నియమం. ముసలి దంపతులిద్దరూ అర్హులే అయినా ఒక్కరికే వృద్ధాప్య పింఛను. భర్త పేరున వస్తున్నది ఆయనతోనే ఆగిపోతే, పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆమె మరణ ధ్రువపత్రం పట్టుకుని మళ్లీ వరసలో నిలబడాలి. 2024 నవంబరు నుంచి పోయినవారి భార్యలకు వెంటనే పింఛను బదలాయించే ఏర్పాటు చేసి ఆంధ్రప్రదేశ్ ఈ బాధ కొంత తగ్గించింది. కానీ ఆ రాష్ట్రంలోనే ఆరంచెల వడపోత అనేదొకటి ఉంది. కుటుంబంలో ఎవరికైనా ప్రభుత్వోద్యోగం ఉన్నా, ఆదాయపన్ను కట్టినా, సొంత కారున్నా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినా తల్లి పింఛనుకు ఎసరే. కారు కొడుకుది, మీటరు కోడలి పేరున, తల్లి వంట వేరు. సచివాలయం రికార్డుల్లో మాత్రం అందరిదీ ఒకే ఇల్లు. పక్కింటివాళ్లకు తెలిసిన వేరు కాపురం సర్వరుకు తెలియదు. ఎన్నికల సభల్లో ముసలమ్మల తలనిమిరి పెద్దకొడుకునని చెప్పుకునే నాయకులకు మనకు కొదవలేదు. ఇంట్లో ఉన్న కొడుకు సంపాదన చూపించి ఆమె నోటి దగ్గరి ముద్ద లాగేస్తున్నదీ వారి ప్రభుత్వాలే.

రాష్ట్రాలు చేసింది తక్కువేం కాదు. ఉమ్మడి రాష్ట్రం చివరిదాకా 200గా ఉన్నదాన్ని 2014లో రెండు రాష్ట్రాలూ వెయ్యికి పెంచాయి. తెలంగాణ 2019లో 2,016 చేసింది. నాలుగు వేలు చేస్తామన్న 2023 ఎన్నికల హామీ అధికారం చేతికి రాగానే అమలుకు నోచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. బిహార్‌లో 2025 జూలైకి ముందు 400. అంటే ఏ రాష్ట్రంలో పుట్టాం, అక్కడ ఎన్నికల పోటీ ఎంత వేడిగా ఉంది అన్నదాన్నిబట్టి ముసలివాళ్ల అన్నం కొలతలు మారుతున్నాయి. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది పీవీ నరసింహారావు ప్రభుత్వం. వృద్ధులను ఆదుకోవడం దేశం మొత్తం బాధ్యత అన్న ఒప్పుకోలు అందులో ఉంది. కేంద్రం ఇప్పుడు ఆ బాధ్యత నుంచి చడీచప్పుడు లేకుండా తప్పుకుంటోంది. పథకం రద్దు చేస్తే గొడవవుతుంది, అంకెను అలాగే వదిలేస్తే ఎవరూ అడగరు.

డబ్బెక్కడిదన్నది పాత ప్రశ్నే. కేంద్ర వాటా పొందుతున్న వృద్ధులు సుమారు 2.2 కోట్ల మంది. 2011 జనగణన నాటికే అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. ఇప్పుడున్నవారికే నెలకు 2,000 చొప్పున ఇచ్చినా ఏడాదికి దాదాపు 53 వేల కోట్లవుతుంది. 2025–26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది. నూటికి ఒక్క రూపాయి లెక్కన చూసుకోవచ్చు. దీన్ని ఉచితాల జాబితాలో వేసి వెక్కిరించేవారు ఒకటి గమనించాలి. ఈ ముసలివాళ్లు సబ్బుబిళ్ల మీదా, చెప్పుల మీదా పన్ను కడుతూనే వచ్చారు. ఏళ్ల తరబడి కనీస వేతనం కంటే తక్కువకు పనిచేసి, మిగతావాళ్ల బియ్యాన్నీ ఇళ్లనూ చవక చేశారు.

వచ్చే బడ్జెట్లోనే కేంద్రం తన వాటాను 2,000 రూపాయలు చేయాలి, ఉద్యోగుల కరువు భత్యంలాగే ఏటా రెండుసార్లు సవరించాలి, లబ్ధిదారుల సంఖ్యపై పరిమితి ఎత్తేయాలి. వ్యవసాయ కూలీలకు వయోపరిమితిని నేతన్నలతో సమానంగా యాభైకి తగ్గించడం రాష్ట్రాల చేతిలోని పని. ఇంటికొక్క పింఛను నియమాన్ని, కొడుకు ఆస్తి చూసి తల్లిని తప్పించే వడపోతను రద్దు చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, ఒక్క జీవో చాలు. బడి సర్టిఫికెట్టు లేనివారి వయసును వైద్యాధికారితోనో, గ్రామసభలోనో తేల్చి, పింఛనుకు అదే ప్రమాణమని ఆ జీవోలోనే రాయాలి.