అమ్మమ్మ ఫోటో, కాగితం మందు

ఈసారి కబురు మా చూలై ఇంటి స్నానాలగదిలోది. కాస్త రసాయనం కలుస్తుంది, విసుక్కోకండి.

1982 వేసవి. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మ ఒక ఆదివారం మొదటిసారి ఫోటోకి ఒప్పుకుంది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అప్పటిదాకా ఆమె భయం. మామయ్య తన ఆగ్ఫా క్లిక్-3తో చుట్టలోని 12 ఫోటోలూ తీసేశాడు. 11 అమ్మమ్మవి, చివరిది వీధిలో రిక్షాది. "పొద్దున్నే బండికి వెళ్ళాలి. నా మొహం నాకు చూపించి మరీ పంపించరా" అంది అమ్మమ్మ.

రాత్రి చూస్తే ఫిల్ము కడిగే మందు అయిపోయింది. కొట్లు మూసేశారు. మిగిలింది ఫోటో కాగితం కడిగే మందొక్కటే.

రెండు మందుల్లోనూ ముఖ్యమైన దినుసులు మెటాల్, హైడ్రోక్వినోన్‌లే. తేడా పాళ్ళలో ఉంది. కొడాక్ వారి ఫిల్ము మందు డి-76లో లీటరుకు హైడ్రోక్వినోన్ 5 గ్రాములు. కాగితం మందు డి-72లో 12. మొదటిదాన్ని నడిపేది 2 గ్రాముల బోరాక్సు, రెండోదాన్ని నడిపేది అంతకన్నా చాలా ఘాటైన సోడియం కార్బొనేటు, అంటే మన చాకలి సోడా. అందుకే కాగితం మందుకి దూకుడెక్కువ. ఫిల్మును అందులో కడిగితే ఫోటోలో తెలుపు మరీ తెలుపు, నలుపు మరీ నలుపు అవుతాయి. ఇసుక చల్లినట్టు రేణువులు కనిపిస్తాయి. అయినా తొందర పడినప్పుడు పత్రికల ఫోటోగ్రాఫర్లు దాన్ని వాడిన సందర్భాలున్నాయి.

మామయ్య ఒక పాలు మందుకి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపాడు. మందుకి 20 డిగ్రీల చల్లదనం కావాలి. మద్రాసు ఎండాకాలంలో కుళాయి నీళ్ళే 30 దాటుతాయి. గిన్నె చుట్టూ ఐసు ముక్కలు పేర్చాం. కాగితం ఎర్ర దీపాన్ని ఓర్చుకుంటుంది, ఫిల్ము ఓర్చుకోదు. అందుకని కిటికీకి దుప్పట్లు కట్టి, కటిక చీకట్లో పని. నేను తలుపు బయట గడియారం చూస్తూ నిమిషాలు అరిచేవాణ్ణి.

తెలివైన పని ఒకటి చేశాడు మామయ్య. ముందు చివరి ముక్కను, అంటే రిక్షాను, కత్తిరించి ఆరు నిమిషాలు కడిగాడు. అది దీపానికి పట్టి చూస్తే బొగ్గులా ఉంది. మిగతా ఫిల్మును రెండు కొసలూ పట్టుకుని, గిన్నెలో ఊయలలా ఊపుతూ నాలుగు నిమిషాలకే ఆపాడు. తర్వాత హైపో, నీళ్ళు. ఆరాక కాగితం మీద నెగెటివ్ పెట్టి, పైన అద్దం పెట్టి, బల్బు ఒక్క క్షణం వెలిగించాడు.

తెల్లవారుజామున అమ్మమ్మ చూసుకుని, "ఇంత తెల్లగా నేనెప్పుడున్నానురా!" అని నవ్వింది. మొహంలో ఒక్క ముడతా లేదు. ఫోటో కొంగున ముడి వేసుకుని బండెక్కింది.

మరుసటి ఏడు ఆమె పోయింది. ఆమెకి వేరే ఫోటోలు లేవు. చాలాకాలం తర్వాత మామయ్య అదే నెగెటివ్‌ను మెత్తని రకం కాగితం మీద, ఒకటో నంబరు దాని మీద, మళ్ళీ ముద్రించాడు. దూకుడు మందు దాచేసిన ముడతలన్నీ బయటికొచ్చాయి. అప్పుడు కనిపించింది మా అమ్మమ్మ.

మీ బీరువాల్లోనూ నెగెటివ్‌లు ఉండే ఉంటాయి. సముద్రపు గాలికి బూజు పడుతుంది, పొడి చోట కాగితపు కవర్లలో పెట్టండి. కవరు మీద ఎవరు ఏమవుతారో రాయండి. మన పిల్లలకి వరసలు తెలియాలి కదా!