గూడెం మగవాణ్ని తూచేదెవరు?

సర్కారుకు ఆదివాసీ మగవాడు ఓట్లప్పుడు కనబడతాడు. పోడు కేసు పెట్టేటప్పుడు కనబడతాడు. ఆకలి లెక్క తీసేటప్పుడు మాత్రం కనబడడు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా పనిచేసిన పర్యవేక్షణ బ్యూరో 2008-09లో తొమ్మిది రాష్ట్రాల ఆదివాసీ పల్లెలు తిరిగి మనుషుల్ని తూచింది. పెద్ద వయసు మగవాళ్లలో నూటికి 40 మంది, ఆడవాళ్లలో 49 మంది ఉండాల్సిన బరువు లేరని తేల్చింది. ఉండాల్సిన బరువంటే పహిల్వాన్ బరువు కాదు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి దాదాపు 49 కిలోలు. అంతే!

తర్వాతి జాతీయ సర్వేల్లో బక్కచిక్కిన మగవాళ్ల సంఖ్య దేశం మొత్తమ్మీద తగ్గింది. సంతోషమే. కానీ ఏ గూడెంలో ఎంత తగ్గింది? చెప్పేవాళ్లేరీ? 1972లో పెట్టిన ఆ బ్యూరోనే 2015లో మూసేశారు.

పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ఉంది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంది. అవి ఇంకా పెరగాలి. మరి ఆ పిల్లల తండ్రికి? రేషన్ బియ్యమే దిక్కు. ఉత్త బియ్యంతో కడుపు నిండుతుంది, కండ పట్టదు. ఆదిలాబాద్ గోండు చేలల్లో జొన్న, పప్పులు పండిన చోట పత్తి వచ్చింది. పత్తిని తినలేం కదా! నల్లమల చెంచుకు గడ్డలు, తేనె ఇచ్చిన అడవి మీద టైగర్ రిజర్వు ఆంక్షలు వచ్చాయి.

ఒంట్లో సత్తువ లేకపోతే మట్టి పనిలో కొలత రాదు. కొలత రాకపోతే కూలి రాదు. కూలి రాకపోతే కూడు లేదు. ఎండిన ఒంటిని క్షయ తొందరగా పడుతుంది. ఇదంతా సోమరితనమని, తాగుడని కొట్టిపారేసే పెద్దమనుషుల్ని మేం అడుగుతున్నాం: 45 కిలోల ఒంటితో మీరు ఒక్కరోజు గడ్డపార పట్టగలరా?

కొమురం భీం విగ్రహానికి దండ వేస్తే సరిపోదు. ప్రతి ఐటీడీఏ ఏడాదికి రెండుసార్లు ఆడా మగా పెద్దలందరి ఎత్తు, బరువు కొలిచి గూడెంవారీగా ప్రకటించాలి. రేషన్‌లో జొన్నలు, కందిపప్పు, నూనె ఇవ్వాలి. పోడు భూమికి, అటవీ ఫలసాయానికి 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కును కాగితం మీది నుంచి నేల మీదికి దించాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! సెలవుల్లో గూడేలకు పోయేటప్పుడు ఒక తూకం మిషను, ఒక టేపు వెంట పట్టుకపోండి. సర్కారు తీయని లెక్క మనమే తీద్దాం. ఆ లెక్క ముందు పెట్టి నిలదీద్దాం.