టీక కాదు, మూలమే

"యంత్రాల కోసం రాసే వివరణలతో సాహిత్య విమర్శకు పనేమిటి?" అని మొన్న మా కళాశాల అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన ఛాందసుడు కాడు, అభ్యుదయవాదే. అక్కడ గంట కొట్టారు గనుక నా సమాధానం సగంలో ఆగిపోయింది. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

ముందు విషయమేమిటో చెప్పాలి. ఖాతాదారుల వివరాలు నమోదుచేసే పని ఈనాడు గుమాస్తాల చేతుల్లోనుంచి "ఏఐ ఏజెంటు" అనే ప్రోగ్రాముకు మారుతున్నది. ఏజెంటుకు మెదడువంటిది భాషానమూనా, అనగా లాంగ్వేజ్ మోడల్. అది డేటాబేస్‌ను స్వయంగా ముట్టుకోదు. దానికి కొన్ని టూల్స్ అందిస్తారు. ఒక్కొక్క టూలుకు ఒక పేరు, మామూలు వాక్యాలలో ఒక వివరణ, నింపవలసిన గడుల పట్టిక ఉంటాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ పద్ధతి ఇదే. టూలు లోపలి కోడు సాధారణంగా మోడల్‌కు కనబడదు. దానిని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడరాదు, ఏ గడిలో ఏమి వేయాలి అన్నవి ఆ వివరణను, ఆ పట్టికను చదివే నిర్ణయించుకొంటుంది.

దీని అర్థమేమిటి? నిన్నటివరకు డాక్యుమెంటేషన్ అనేది టీక. మల్లినాథుడు వ్యాఖ్య రాయకపోయినా కాళిదాసు కావ్యం కావ్యమే. అట్లాగే వివరణ లేకపోయినా ప్రోగ్రాము నడిచేది. ఈనాడు టీకే మూలమై కూర్చున్నది. అందులో ఒక వాక్యం మారితే యంత్రం చేసే పని మారుతుంది, ఆ పనికి గురయ్యే మనిషి బతుకు మారుతుంది. మనిషి బతుకును శాసించే వచనం విమర్శకు అతీతమని ఎవరనగలరు?

నా పూర్వవిద్యార్థిని ఒకామె హైదరాబాదులో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ఈ వివరణలే రాస్తున్నది. ఒక అప్పుల సంస్థ కోసం తయారైన టూలు ఆమె చేతికి వచ్చింది. వివరణ ఒకే వాక్యం: "కొత్త ఖాతాదారును సృష్టిస్తుంది." పేరుకు రెండు గడులు, రెండూ తప్పనిసరి. ఇంకొక ఆరు వాక్యాలు రాస్తానని ఆమె అడిగింది. "మోడల్ తెలివైనది, అదే గ్రహిస్తుంది, గడువు దాటనీయవద్దు" అన్నాడు పై అధికారి.

ఫలితమేమైంది? పల్లెటూరి స్త్రీ ఒకామె ఫోనులో తన పేరు ఒక్కటే చెప్పింది. రెండో గడి ఖాళీగా ఉంచడానికి వీల్లేదు గనుక ఏజెంటు అందులో ఊరిపేరు వేసింది. మరోసారి ఫోను చేసినప్పుడు భర్త పేరు వేసింది. ముందు వెతికి చూడమని దానికెవరూ చెప్పలేదు గనుక రెండో రికార్డు పుట్టింది. అప్పు మొదటి రికార్డులో ఉండగా ఆమె కట్టిన వాయిదా రెండోదానిలో జమపడింది. కట్టిన మనిషికే బాకీ నోటీసు వెళ్లింది! విచారణలో తప్పు ఎవరిమీదికి నెట్టారో వేరే చెప్పాలా? వివరణ కింద పేరుకు చోటు దొరకని అమ్మాయికి నింద మోయడానికి మాత్రం చోటు దొరికింది.

ఇది ఒక్క కంపెనీ అజ్ఞానం కాదు. ప్రపంచమంతటా వాడే సేల్స్‌ఫోర్స్‌లో కాంటాక్టు రికార్డుకు చివరిపేరు తప్పనిసరి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లది చివర వస్తుంది. గిడుగు వెంకట రామమూర్తిగారు ఈ గడుల్లో పడితే "గిడుగు" మొదటిపేరూ, "రామమూర్తి" వంశనామమూ అయి ఊరుకొంటాయి. ప్రజల భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషిని ఈ పట్టిక తలకిందులుగా నిలబెడుతుంది.

పాత కార్యాలయంలో కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తాకు ఇవన్నీ తెలుసు. "పోయిన నెల వచ్చినావు గదమ్మా" అని పాత పుస్తకం తిరగవేసేది. మంచి వివరణ అంటే ఆమె అనుభవాన్ని వాక్యాలలో పెట్టడమే. కొత్త రికార్డుకు ముందు ఫోను నంబరుతో పాతది వెతుకు. ఒకటికి మించి దొరికితే నీవే తేల్చక మనిషికి అప్పగించు. చెప్పని వివరాన్ని ఊహించి నింపకు. నమోదుకు ముందు చదివి వినిపించి ఒప్పుదల తీసుకో. మధ్యలో సంబంధం తెగితే, మొదటి ప్రయత్నం ఫలించిందో లేదో చూడకుండా రెండోసారి ప్రయత్నించకు. యంత్రంలో గడ్డకట్టిన శ్రమను మార్క్స్ మృతశ్రమ అన్నాడు. ఈ వాక్యాలు అటువంటివే. యాజమాన్యం గుమాస్తాను ఇంటికి పంపి, ఆమె జ్ఞానానికి పైసా చెల్లించకుండా, దానిని ఒక్క వాక్యంలో ఊహించి రాయమని ఇంకొక కూలిని ఆజ్ఞాపిస్తున్నది.

వాక్యాలు బాగుంటే సర్వం చక్కబడుతుందని నేననను. మోడల్ వాటిని పెడచెవిని పెట్టవచ్చు. అందుచేత తనిఖీ కోడులోనూ ఉండాలి. గడి తప్పయితే ఎంత చక్కని వివరణైనా పుండుమీద పట్టుగుడ్డే. అందుకే రాసేవారికి గడిని మార్చమనే హక్కు, పరీక్షించే వ్యవధి, గుమాస్తాను జీతమిచ్చి కూర్చోబెట్టి అడిగే అవకాశం కావాలి. ఇవి శైలికి సంబంధించిన కోరికలు కావు, కార్మికుల కోరికలు.

"అదంతా పెట్టుబడి పనిముట్టు, మనం ముట్టరాదు" అనే వీరవిప్లవవాదులూ ఉన్నారు. నోటీసు అందుకొన్న ఆ స్త్రీతో ఈ మాట చెప్పగలరా? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగాని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోనైనాగాని చదువుకొనే వీలు కల్పించాలన్నది. తెలుగు ఆ భాషలలో ఒకటి. ఆమెకు అర్థమయ్యే తెలుగు ఎవరు రాయాలి? భాష చదివిన మనం తప్పుకొంటే, గడువు చూసుకొనే అధికారి రాయిస్తాడు.

మిత్రుడి ప్రశ్నకు ఇదీ నా సమాధానం. వచ్చే సోమవారం మా బి.ఏ. తరగతిలో "కొత్త ఖాతాదారును సృష్టిస్తుంది" అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, ఇందులో ఎవరెవరిని వదిలేశారో చెప్పమని విద్యార్థులను అడగబోతున్నాను. మిత్రుడు కూడా వచ్చి వెనుక బెంచీలో కూర్చోవచ్చు.