ఉపవాసంలో కొవ్వు 'కరుగుతుంది' అని రాసి ఊరుకోకండి

ఉపవాసం మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసేది ఇదే: "గ్లూకోజ్ అయిపోగానే శరీరం కొవ్వును కరిగిస్తుంది." తప్పని అనను. కానీ అసలు ప్రశ్నను అది వదిలేస్తుంది. మీరు తినలేదని కొవ్వు కణానికి ఎలా తెలిసింది?

ఇన్సులిన్ తగ్గడం వల్ల. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపు కొవ్వు కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరగదు. భోజనమై గంటలు గడిచేకొద్దీ ఇన్సులిన్ తగ్గుతుంది, నార్‌ఎడ్రినలిన్‌ది పైచేయి అవుతుంది. ప్రోటీన్ కైనేజ్-ఏ చురుకై, కొవ్వు బిందువుకు కాపలాగా ఉండే పెరిలిపిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కాపలా సడలుతుంది. అప్పుడు ట్రైగ్లిజరైడ్ నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని ఏటీజీఎల్, రెండోదాన్ని హెచ్‌ఎస్‌ఎల్, మూడోదాన్ని మోనోగ్లిజరైడ్ లైపేజ్ విడదీస్తాయి. మిగిలిన గ్లిసరాల్‌తో కాలేయం గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది.

నా ఫిర్యాదు ఇక్కడే. మన చేతులు మారే జిరాక్స్ నోట్సుల్లో ఇప్పటికీ హెచ్‌ఎస్‌ఎల్ ఒక్కటే కనిపిస్తుంది. హెచ్‌ఎస్‌ఎల్ లేకుండా పుట్టించిన ఎలుకలు లావెక్కలేదు, వాటి కణాల్లో పేరుకున్నది డైగ్లిజరైడ్. అంటే మొదటి కోత వేరే ఎంజైమ్ పని అన్నమాట. ఆ ఏటీజీఎల్ 2004లో బయటపడింది. ఇరవై ఏళ్లు దాటినా మన నోట్సు మారలేదు! ప్రిలిమ్స్‌లో ఒక ఆప్షన్‌ను కొట్టేయడానికి ఇది చాలు.

ఇంకో ఉచ్చు పేరులోనే ఉంది. లైపోప్రోటీన్ లైపేజ్ కూడా కొవ్వును విడగొట్టేదే, కానీ ఉండేది కేశనాళికల గోడ మీద. రక్తంలోని కొవ్వును కణజాలానికి అందించడం దాని పని. ఉపవాసంలో కొవ్వు కణజాలంలో దీని చురుకుదనం తగ్గుతుంది. బయటికి పంపే తలుపు తెరిచి, లోపలికి తెచ్చే తలుపు మూసినట్టు. "ఉపవాసంలో లైపేజ్‌లన్నీ పెరుగుతాయి" అన్న వాక్యం కనిపిస్తే ఆలోచించకుండా తప్పు పెట్టండి.

1952లో పొట్టి శ్రీరాములు గారి దీక్ష 58 రోజులు సాగింది. హిస్టరీలో ఆ సంఖ్య బట్టీపడతాం, అన్నాళ్లు ఒక శరీరం దేని మీద నిలబడిందని సైన్స్ చదివేటప్పుడు అడగం. కొవ్వు ఆమ్లాల నుంచి కాలేయం చేసే కీటోన్లను మెదడు వాడుకోవడం మొదలుపెడుతుంది, దానివల్ల కండ కరగడం నెమ్మదిస్తుంది. ఆగదు, నెమ్మదిస్తుంది అంతే.

విడుదలైన కొవ్వంతా ఖర్చయిపోదు కూడా. వాడుకోగా మిగిలిన కొవ్వు ఆమ్లాలు మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా మారి నిల్వకు చేరతాయి. కాబట్టి టిఫిన్ మానేసి లైబ్రరీలో కూర్చుని, రాత్రి రెండు ప్లేట్ల బిర్యానీ తినే మిత్రులారా, మీ ఎంజైములు పొద్దున తమ పని తాము చేశాయి. బరువు తగ్గకపోతే వాటిని నిందించకండి. ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఈ ప్రయోగం జోలికి పోవద్దు.