ఇంటి పంపకము - కంపెనీ సొత్తు

2002 జూలై 6వ తేదీన ధీరూభాయి అంబానీగారు ముంబయిలో దివంగతులైరి. వీలునామా లేదు. పదునారేండ్లకు పూర్వము, 1986లోనే, పక్షవాతము వారిని ఒకమారు హెచ్చరించి విడిచినది. లక్షలాది వాటాదారుల ధనమును కూడగట్టి రిలయన్సును నిలిపిన దక్షుడు, తన యనంతరము దాని పెత్తనమెవ్వరిదో కాగితముపై నుంచకపోవుట విచిత్రము. మన పల్లెలలో నాలుగెకరముల రైతు సైతము కాలుసేతులాడుచుండగనే పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి పంపకము వ్రాయించును గదా!

వీలునామా వ్రాయని హిందువు స్వార్జితమును 1956 నాటి వారసత్వ చట్టము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును సమముగా పంచును. వాటాలను పంచవచ్చును. అధ్యక్షుని కుర్చీని ముక్కలు సేయు విద్య మాత్రము ఏ చట్టమునకును తెలియదు. ముకేశ్, అనిల్ సోదరుల తగవు 2004 నవంబరులో బజారున పడెను. 2005 జూన్ 18న తల్లి కోకిలాబెన్ పంపకమును ప్రకటించిరి. చమురు, రసాయనములు పెద్దవానికి. విద్యుత్తు, టెలిఫోను, ఆర్థిక వ్యాపారము చిన్నవానికి.

అంతటితో తీరినచో మనకు పని లేకపోవును. కాని కాకినాడ కెదుట సముద్రగర్భమున దొరకిన సహజవాయువును సైతము ఆ యొడంబడికలో జేర్చిరి. దినమునకు 28 మిలియను ఘనపు మీటర్లు, నిర్ణీత ప్రమాణమునకు 2.34 డాలర్ల వంతున, 17 ఏండ్లు తమకు రావలెనని తమ్మునివారి కంపెనీ వాదించెను. ప్రభుత్వము 2007లో ఆమోదించిన ధర 4.20 డాలర్లు. ఆంధ్రతీరపు వాయువునకు ఒక కుటుంబము తనలో తాను వెలకట్టుకొనుట యెట్టి న్యాయము? 2010 మే 7న సుప్రీముకోర్టు అధికసంఖ్యాక న్యాయమూర్తుల తీర్పు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. వాయువుపై నిర్ణయము ప్రభుత్వమునది. వాటాదారులెరుగని కుటుంబపు టొప్పందము కంపెనీని బంధింపజాలదు.

వ్యాపారమును పంచుటయు, అమ్ముటయు తప్పని మేమనము. 2024 ఏప్రిల్‌లో గోద్రెజ్ కుటుంబము తమ శతాధిక వర్షముల సంస్థలను రెండుగా పంచుకొన్నది; స్టాకు ఎక్స్ఛేంజీలకు తెలియజేసి మరీ పంచుకొన్నది. యజమాని జీవించియుండగనే వెల కట్టించి, నడపగలవానిని నిర్ణయించి, నడపనివారికి రొక్కమెట్లు ముట్టునో వ్రాసి, ఆ పత్రమును భాగస్వాములకు చూపవలెను. ధీరూభాయిగారికి ఇందుకు పదునారేండ్ల గడువు దొరకినది. అందరికి అంత దొరకదు.