జంతుశాలలో మన పిల్లలు మూగలు కావాలా?

ఒసూరు, కృష్ణగిరి ప్రాంతాల బడిపిల్లలను బన్నేరుఘట్టకో, వండలూరుకో విజ్ఞానయాత్రకు తీసుకువెళ్తారు. బరంపురం వైపు పిల్లలు నందన్‌కానన్ చూసివస్తారు. బోనుల ముందరి పలకల మీద ఒకచోట కన్నడం, ఒకచోట తమిళం, మరొకచోట ఒడియా. వాటికి తోడు ఇంగ్లీషు. తెలుగు మాధ్యమంలో మూడో తరగతి చదివే బిడ్డ జంతువును చూస్తుంది, పలకను చూస్తుంది, చదవలేక ముందుకు కదులుతుంది. చూడటం వేరు, నేర్చుకోవటం వేరు.

ఇదొక సమస్యా అని కొట్టిపారేసే పెద్దలకు రెండు సంగతులు గుర్తుచేయాలి. సందర్శకులలో వన్యప్రాణుల పట్ల సానుభూతిని, వాటి సంరక్షణపై అవగాహనను కలిగించటం జంతుశాలల ధ్యేయాలలో ఒకటని 1998 నాటి జాతీయ జంతుశాలల విధానం ప్రకటించింది. చదవలేని పలక ఏ అవగాహనను కలిగిస్తుంది? ఇక 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు కృషి చేయాలని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు నిర్దేశించింది. జంతుశాల పలకల ప్రస్తావన అందులో లేదు, నిజమే. కాని బడి నడిపే విజ్ఞానయాత్ర బోధనలో భాగం కాదని ఎవరనగలరు?

"ఇంగ్లీషు ఉన్నది కదా" అనేవారున్నారు. ఆ ఇంగ్లీషే మన పందికొక్కును తీసుకుని 'బాండికూట్' చేసుకున్నది. శాస్త్రజ్ఞులు ఆ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టారు. లోకం మన నుండి తీసుకున్న మాటను మన బిడ్డ పరాయి మాటగా నేర్చుకోవటం కంటె విడ్డూరం ఏముంటుంది?

పేరుతోపాటు ఎరుక కూడా పోతుంది. 1900 తరువాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానిని పట్టి చూపింది ఆ పక్షిని ఎరిగిన స్థానికులే. కలివి పొదల మధ్య తిరిగేది కనుక కలివికోడి. దాని ఉనికి దాని పేరులోనే ఉన్నది. అలుగు, కణుజు, రేసుకుక్క, దేవాంగపిల్లి అనే మాటలు వినని తరానికి ఆ ప్రాణుల మీద మమకారం ఎక్కడి నుండి వస్తుంది?

తమిళ, కన్నడ, ఒడియా పలకలను తీసివేయమని మనం కోరటం లేదు. ఆ నేల భాషకు అగ్రస్థానం న్యాయమే. మనం కోరేవి మూడు: తెలుగు బడులకు ఉచితంగా ఒక తెలుగు చిరుపుస్తకం, పలకల మీద క్యూఆర్ కోడ్ పెట్టి సెల్‌ఫోనులో వినగల తెలుగు వివరణ, ముందుగా కబురు చేస్తే పిల్లల వెంట నడిచి తెలుగులో చెప్పే ఒక మనిషి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు, మనసుంటే చాలు.

అడగందే అమ్మైనా పెట్టదు. ఈసారి యాత్రకు ముందు తల్లిదండ్రులందరూ సంతకాలు చేసి జంతుశాల సంచాలకులకు, జిల్లా విద్యాధికారికి అర్జీ పెట్టండి. అందినట్లు రసీదు తీసుకోండి. నోటిమాటకు దస్త్రంలో చోటుండదు. జవాబు వచ్చేదాకా ఊరుకోకండి. ఇంటిలో అవ్వాతాతల చేత ఆ జంతువుల పేర్లు పిల్లలకు చెప్పించండి. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వాన్ని అడుగుదాం. మనం చేయవలసినది ఈ రాత్రే మొదలుపెడదాం.