పరుగుపందెము నుండి వెండితెరకు

క్రీడారంగమును విడిచి నటనారంగమును జేరిన స్త్రీని లోకము రెండు విధముల నిందించును. ఆట నెరిగినవారు "దేశపు సొత్తు నమ్ముకొన్నది" అందురు. ఆచారము నెరిగినవారు "ముఖమునకు రంగు పూసికొన్నది" అందురు. ఈ రెండు నిందలలో న్యాయమెంత, మన తప్పును మనమే కప్పిపుచ్చుకొను యుక్తి యెంత యను విషయమును విచారింపదలచితిమి. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పఠనమందిరములలో నిత్యము పత్రికలు తిరుగవేయు పెద్దలు ఈ విచారమున మాతో పాలుపంచుకొందురని మా యాశ.

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చైనా దేశపు లియు షువాన్ అను ఇరువదియొక్క యేండ్ల యువతి, జానెడు వెడల్పైన లేని దూలముపై విన్యాసములు చూపి స్వర్ణపతకమును గెల్చుకొనెను. పిమ్మట పోటీలకు స్వస్తి చెప్పి నటియై, హాంగ్‌కాంగు టెలివిజను ధారావాహికలలో పేరు గాంచెను. ఆ క్రీడలలోనే మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకమును దెచ్చెను. ఒలింపిక్ పతకమును గెల్చిన ప్రథమ భారత మహిళ ఆమెయే. ఒకే నగరమున విజయము నందిన యిరువురు స్త్రీలలో నొకరు నటనకు, ఒకరు క్రీడాసేవకు మరలిరి. మల్లేశ్వరి 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతిగా నియమింపబడెను. ఈ రెండు త్రోవలలో నొకటి ధర్మము, రెండవది ద్రోహము అని తీర్పు చెప్పుటకు మనమెవరము?

అంత దూరము పోనేల? మన తెలుగు వెండితెర మీదనే దీనికి దృష్టాంతమున్నది. కొడగు సీమలో జన్మించిన అశ్విని నాచప్ప 1988లో అర్జున పురస్కారము నందెను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో రిలే పందెమున రజతపతకము గెల్చిన జట్టులో నామె యుండెను. దేశమెల్ల పరుగులరాణిగా కొనియాడిన పి. టి. ఉషను రెండు మారులు ఓడించిన ఖ్యాతియు నామెదే. 1991లో ఆమె కథానాయికగా, ఆమె పేరుతోనే, "అశ్విని" యను తెలుగు చిత్రము వెలువడెను. దర్శకుడు మౌళి. నిర్మాత మన గుడివాడ ప్రాంతపు పెదపారుపూడిలో పుట్టిన చెరుకూరి రామోజీరావు. ఆ చిత్రమునకుగా నామెకు రాష్ట్ర ప్రభుత్వపు నంది పురస్కారము లభించెను. పిదప మరికొన్ని తెలుగు చిత్రములలోను నటించెను. మాతృభాష తెలుగు గాని యొక క్రీడాకారిణిని తెలుగువారు తమ యింటి బిడ్డగా జేసికొన్నది సినిమాశాలలోనే గాని పరుగుబాట యొడ్డున గాదు. ఈ సత్యమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఇప్పుడు నిందలను విచారింతము. రంగు పూసికొనుట స్త్రీకి తగదనువారికి మేమిచ్చు సమాధానము మన కృష్ణా తీరమందే యున్నది. కూచిపూడి భాగవతుల సంప్రదాయమున తరతరములుగా పురుషులే స్త్రీవేషములు ధరించిరి. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను జూచి యానందింపని రసికుడుండెనా? గుడివాడ చెంత రామాపురమున 1924లో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు నాటకములలో స్త్రీపాత్రలతోనే కళాజీవితమును ప్రారంభించిరి. పురుషుడు స్త్రీవేషము వేసిన కళ. స్త్రీ తన రూపముతోనే రంగమెక్కిన అపకీర్తి! ఇది యేటి న్యాయము? కూచిపూడి నాట్యమే స్త్రీల కాలియందెలతో నేడు ఖండాంతరముల మ్రోగుచుండగా, ఈ నింద నింకను పట్టుకొని వ్రేలాడుట మనకు గౌరవము గాదు.

రెండవ నింద కొంత బరువైనది. దేశము తీర్చిదిద్దిన బిడ్డ దేశమునకు ఋణపడియుండవలదా యని యడుగుదురు. ఋణమన్న మాట వచ్చినపుడు లెక్క చూచుట ధర్మము. చైనాలో ప్రభుత్వము పసితనముననే బాలికలను క్రీడాపాఠశాలలలో జేర్చుకొని, తిండి, బస, శిక్షణ లొసంగి పెంచును. ఆ బిడ్డల బాల్యమునే వెలగా పుచ్చుకొనుచున్నను, అచ్చట ఋణమన్న మాటకు కొంత యర్థము కలదు. మన యూరిలో బాలిక పరుగెత్తదలచిన మన మిచ్చున దేమి? ఆటస్థలము లేని పాఠశాల. ఉన్నను బాలురకే విడిచిన స్థలము. వ్యాయామోపాధ్యాయిని లేని కొరత. ఈడు వచ్చినంతనే "ఇక చాలు" అను ఇంటి శాసనము. ఇన్ని కంచెలు దాటి యే యొక్కతెయో గెల్చి వచ్చినపుడు మాత్రము పూలదండలు, ఊరేగింపులు, ఉపన్యాసములు! అప్పు పెట్టనివాడు వడ్డీ యడుగుట వంటిది గదా యీ వ్యవహారము!

మరియు క్రీడాకారుల యౌవనము స్వల్పము. ఇతర వృత్తులలో నొకడు నిలదొక్కుకొను ముప్పదేండ్ల ప్రాయమునకే పరుగు పందెములవారి పని సాధారణముగా ముగియును. వ్యాయామ విన్యాసములవారికి ఇరువది దాటుటయే గండము. మిగిలిన జీవితమునకు ఆధార మేది? మన కోడి రామమూర్తి నాయుడుగారు మహాబలశాలియయ్యు, తన బలమును లోకమునకు జూపుటకు సర్కసు కంపెనీ నడిపిరి. 1924, 1928 ఒలింపిక్ క్రీడలలో ఈతపందెముల స్వర్ణపతకములు గెల్చిన అమెరికావాడు జానీ వైస్‌ముల్లర్ 1932లో టార్జానుగా తెరకెక్కెను. 1928, 1932, 1936 సంవత్సరములలో వరుసగా మంచుమీది నాట్యవిన్యాసములకు స్వర్ణపతకము లందిన నార్వే దేశపు సోన్యా హేనీ పిమ్మట హాలీవుడ్డు తార యయ్యెను. దేహమును కొండవలె, మెరుపువలె సాధించినవారికి దానిని మెచ్చు జనము కావలెను. బ్రదుకు తెరువును కావలెను. రంగస్థలము రెండును ఇచ్చినది గనుక అచ్చటికి బోయిరి. ఇందు వింత యేమున్నది?

అయినను సినిమాను వేనోళ్ల పొగడుటకు మేము కలము పట్టలేదు. తెర క్రీడాకారిణి దేహమును జూపునంత సులభముగా ఆమె శ్రమను జూపదు. ఏండ్ల సాధన అచ్చట నొక పాట నిడివిలో ముగియును. పైగా తెరకు క్రొత్త ముఖముల యాకలి తీరదు. నేటి కథానాయికను రేపు మరచును. ఇంతకంటె పెద్ద ప్రమాదము ప్రేక్షకులమైన మన మనస్సులలో నున్నది. సినిమాశాలలో పేదపిల్ల పరుగెత్తి గెల్చినపుడు కన్నీరు కార్చి, చప్పట్లు చరచి, ధర్మము నెరవేర్చితిమను తృప్తితో నింటికి వత్తుము. మన వీథిలో వట్టి కాళ్లతో పరుగెత్తు పిల్లకు ఒక జత పాదరక్షలు కొనిపెట్టవలెనను తలపు మనకు రాదు. టిక్కెట్టునకు ఖర్చుపెట్టిన కరుణ అచ్చటనే ఖర్చయి పోవును. నటిగా మారిన క్రీడాకారిణి ద్రోహి కాదు. ఆమె కథకు కన్నీరు విడిచి, ఆమె తోబుట్టువులకు మైదానము మూసివేసిన సంఘమే ద్రోహి.

అశ్విని తదనంతర జీవితమును జూడుడు. కీర్తి ధనములతో తృప్తిపడి యూరకుండక, భర్తతో గలసి కొడగులో చదువుతో పాటు ఆటలకు పెద్దపీట వేయు విద్యాలయమును నెలకొల్పెను. క్రీడలలో మాదకద్రవ్యముల వాడుకకు, అవినీతికి వ్యతిరేకముగా గొంతెత్తెను. మైదానము నుండి తెరకు బోయిన త్రోవ తిరిగి మైదానమునకే చేరెను. స్వేచ్ఛగా పోనిచ్చిన బిడ్డయే స్వేచ్ఛగా తిరిగి వచ్చును. కట్టివేసిన బిడ్డకు తిరిగి వచ్చు ప్రసక్తియే యుండదు.

కావున మా కోరికలు మూడు. బందరు, గుడివాడ, అవనిగడ్డలలో బాలికలకై ప్రత్యేక వేళలతో, రక్షణతో కూడిన పరుగుబాట లుండవలెను. ప్రతి యున్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయిని యుండవలెను. ఉన్నచోట ఆమెను గుమాస్తా పనులకు వాడుకొనరాదు. రాష్ట్రమునకు ప్రాతినిధ్యము వహించిన క్రీడాకారిణికి పోటీలు ముగిసిన నాడు శిక్షకురాలిగ నొక యుద్యోగము సిద్ధముగా నుండవలెను. అప్పుడామె నటి కాగోరిన, అది యిష్టము చేత నగును గాని యాకలి చేత గాదు.

ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులని మనము చేతులు ముడుచుకొని కూర్చుండ వీలులేదు. పరప్రభుత్వము ప్రబలియున్న దినములలో, 1910లో, బందరు పెద్దలు ప్రజల విరాళములను నమ్ముకొని ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. విద్య జాతీయము కావలెనన్న సంకల్పమునకు నాడు ధనమెట్లో సమకూడినది. ఆ బందరు వారసులకు నేడొక పరుగుబాట భారమగునా? ఈ పత్రిక చదువు ప్రతి గ్రంథాలయ సంఘమును తన యూరి బాలికల పాఠశాలకు ఒక్క మారు పోయి, ఆటస్థల మున్నదా, ఉన్న నందు ఆడువారెవరని విచారించుగాక. క్రీడాకారిణి యెందుకు వెడలిపోయినదను ప్రశ్నకు జవాబు అచ్చటనే దొరకును.